కనిపించే ఇటుక, కప్పిన ఇటుక: ఫెడరల్ యుగపు వాణిజ్య భవనం – హైదరాబాద్ కోఠీ (తులనాత్మక పరిశీలన)

వ్యాస సంగ్రహం:

అమెరికా తూర్పు తీర పట్టణాల్లో సుమారు 1780–1830 మధ్య కట్టిన ఇటుక వాణిజ్య భవనాలను ‘ఫెడరల్’ శైలికి చెందినవిగా వాస్తుచరిత్రకారులు గుర్తిస్తారు. సరిగ్గా అదే కాలంలో హైదరాబాద్‌లో కోఠీ రెసిడెన్సీ భవనం లేచింది. ఈ రెండింటి మూలాలు ఒక్కటే. ప్రయోజనాలు వేరు, పదార్థాన్ని చూపించే పద్ధతి వేరు. రెసిడెన్సీని వైట్ హౌస్‌తో పోల్చే ప్రచారంలో ఉన్న అభిప్రాయాన్ని కాలక్రమం ఆధారంగా పరీక్షించడం, భవనాన్ని ముఖద్వారం నుండి కాక పదార్థం, వినియోగం, ధనం అనే మూడు కోణాల నుండి చదవడం, ఆ పఠనం నుండి తెలంగాణ ‘మడిగె’కు వాస్తుచరిత్రలో దక్కవలసిన స్థానాన్ని చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: ఫెడరల్ శైలి, ఇటుక కట్టడం, కోఠీ, రెసిడెన్సీ, పామర్ కంపెనీ, పత్తర్‌గట్టీ, మడిగె, మేడ్చల్, వారసత్వం.

1. ఉపోద్ఘాతం

హైదరాబాద్ కోఠీలోని పూర్వపు బ్రిటిష్ రెసిడెన్సీ గురించి తెలుగులో వచ్చిన పరిచయాలలో ఒక వాక్యం దాదాపు తప్పకుండా కనిపిస్తుంది: అది అమెరికా అధ్యక్షుని వైట్ హౌస్‌ను పోలి ఉంటుందని. విద్యార్థులు ప్రాజెక్టు నివేదికల్లో ఈ వాక్యాన్ని యథాతథంగా రాస్తారు. కొందరు మరొక అడుగు ముందుకు వేసి, దాన్ని చూసే దీన్ని కట్టారని కూడా రాస్తారు. పోలిక చెప్పడం విమర్శకు ఆరంభం మాత్రమే. ఎందుకు పోలి ఉంది, ఎంతవరకు పోలి ఉంది, ఎక్కడ పోలిక ఆగిపోతుంది అన్న ప్రశ్నలు వేసినప్పుడే అది విమర్శ అవుతుంది.

ఈ వ్యాసకర్త పాఠాలు చెప్పే మేడ్చల్ ప్రాంతంలో ఈ ప్రశ్న మరొక రూపంలో ఎదురైంది. కట్టడాల వర్ణనపై రాయమన్నప్పుడు విద్యార్థులందరూ చార్మినార్, గోల్కొండ, కోఠీ గురించే రాశారు. ఒక విద్యార్థిని మాత్రం, రోడ్డు వెడల్పులో సగం పోయిన తమ కుటుంబపు పాత మడిగె గురించి రాయవచ్చా, అది కూడా వాస్తుశిల్పమేనా అని అడిగింది. వెంటనే సమాధానం దొరకలేదు. మన విమర్శ పరిభాషలో కోటకు, గుడికి, గోపురానికి పదాలున్నాయి. అంగడికి చాలా తక్కువ. ఆ లోటుకు కారణమేమిటో వెదకే క్రమంలో ఫెడరల్ యుగపు ఇటుక వాణిజ్య భవనం ఒక ఉపయోగకరమైన తులామానంగా కనిపించింది. అక్కడ ఒక సామాన్యమైన అంగడి వరుస కాలక్రమంలో జాతీయ వారసత్వంగా గుర్తింపు పొందింది.

2. ఫెడరల్ యుగం: ఇటుక వాణిజ్య భవన స్వరూపం

2.1. నిప్పు చేసిన శాసనం

స్వాతంత్ర్యం పొందిన తర్వాతి తొలి దశాబ్దాల్లో అమెరికా రేవు పట్టణాలు వేగంగా పెరిగాయి. ఆ ఇళ్ళు, గిడ్డంగులు చాలావరకు కలపవి. అందువల్ల ఒక దుకాణంలో నిప్పు పుడితే వీధి మొత్తం కాలిపోయేది. న్యూ హాంప్‌షైర్‌లోని పోర్ట్‌స్మౌత్ పట్టణం 1802, 1806, 1813లలో మూడుసార్లు పెద్ద అగ్నిప్రమాదాలకు గురైంది. 1814లో అక్కడ చట్టం ద్వారా పట్టణ కేంద్రంలో కొత్త భవనాలకు ఇటుకను విధించారు. నేడు ఆ పట్టణపు బజారు వీధులకు అందాన్నిస్తున్న ఎర్రటి ఏకరూపత ఏ ఒక్క శిల్పి ఊహలోనూ పుట్టలేదు. అది నిప్పుకు భయపడిన పౌరసమాజం చేసుకున్న కట్టుబాటు నుండి పుట్టింది.

ఈ అంశం విమర్శకునికి ముఖ్యం. శైలిని సాధారణంగా అభిరుచి ఫలితంగా చెబుతారు. వాణిజ్య వాస్తువు విషయంలో అభిరుచి కంటే ముందు భయం, బీమా, చట్టం, స్థలం ధర పని చేస్తాయి. ఇటుక గోడ పక్క దుకాణపు మంటను ఆపుతుంది. రెండు దుకాణాల మధ్య ఉమ్మడి గోడను కప్పుపైకి లేపితే మంట కప్పు మీదుగా దాటదు. వీధి నుండి చూసేవానికి లయగా కనిపించే ఆ నిలువు విభజనలు నిజానికి అగ్నినిరోధకాలు.

2.2. గోడ, కిటికీ, అంగడి

ఈ భవనాలలో గోడకు గార ఉండదు; ఇటుక కనిపిస్తుంది. ప్రధాన ముఖంపై ‘ఫ్లెమిష్’ కట్టు వాడటం పరిపాటి. అంటే ఒకే వరుసలో ఒక ఇటుక పొడుగు వైపు, తర్వాతి ఇటుక తల వైపు బయటికి కనిపించేలా మార్చి మార్చి పేర్చడం. దీనికి ఇటుకలూ, శ్రమా ఎక్కువ కావాలి. అందుకే చాలా చోట్ల వీధి వైపు గోడను ఈ విధంగా కట్టి, వెనుక గోడను సాదా కట్టుతో ముగించేవారు. యజమాని పొదుపు, ప్రదర్శన రెండూ ఆ గోడ మీద చదవవచ్చు.

పై అంతస్తులకు పోయే కొద్దీ కిటికీల ఎత్తు తగ్గుతుంది. కిటికీలపై రాతి దూలాలు ఉంటాయి. అలంకరణ పలుచగా, గోడను అంటి ఉంటుంది. ద్వారంపై విసనకర్ర ఆకారపు గాజు కిటికీ ఈ శైలికి గుర్తింపు చిహ్నం. ఇంత నిగ్రహం గల శైలి వ్యాపారికి అనుకూలమైంది. అది అతణ్ణి సంపన్నునిగా కాక నమ్మదగినవానిగా చూపిస్తుంది.

న్యూయార్క్‌లోని షెర్మర్‌హార్న్ రో ఈ రకానికి మంచి ఉదాహరణ. వ్యాపారి పీటర్ షెర్మర్‌హార్న్ 1810–1812 మధ్య, నదిని పూడ్చిన నేలపై ఈ ఇటుక భవనాల వరుసను గిడ్డంగులుగా, లెక్కల గదులుగా కట్టించాడు. 1814లో ఆ వీధి చివర ఫెర్రీ ఆగడం మొదలయ్యాక జనం రాకపోకలు పెరిగి కింది అంతస్తులు చిల్లర దుకాణాలుగా మారాయి. తలుపులు, అంగడి ముఖాలు తరం తరానికీ మారాయి. అయినా గోడల వరుస, వాలు కప్పుల శ్రేణి మిగిలాయి. 1968లో న్యూయార్క్ నగరం దీన్ని రక్షిత కట్టడంగా ప్రకటించింది. గమనించవలసినది ఏమిటంటే, దాని కింది భాగం మారిపోయిందన్న కారణంతో ఆ వరుసను ‘అసలుది కాదు’ అని తోసిపుచ్చలేదు. వాణిజ్య భవనం మారడం దాని స్వభావమని అంగీకరించారు.

2.3. కింద సంత, పైన సభ

బాస్టన్‌లోని ఫాన్యూల్ హాల్ మరొక కోణాన్ని చూపిస్తుంది. వ్యాపారి పీటర్ ఫాన్యూల్ 1742లో పట్టణానికి ఇచ్చిన ఈ భవనంలో కింద సంత, పైన సభామందిరం ఉండేవి. 1761లో మంటలకు గురై మళ్ళీ కట్టబడింది. వలస పాలనకు వ్యతిరేకంగా జరిగిన సభలకు ఈ మందిరం వేదిక. 1805–1806లో వాస్తుశిల్పి చార్లెస్ బుల్ఫించ్ దీని వెడల్పును రెట్టింపు చేసి, మూడవ అంతస్తు చేర్చాడు. పాత భవనపు ఇటుక భాషను వదలకుండా దాన్ని పెంచడం ఆయన ప్రతిభ. కూరగాయలు, మాంసం అమ్మే చోటుపైనే పౌరులు తమ భవితవ్యాన్ని చర్చించుకున్నారు. అక్కడ అంగడిని దాచే ప్రయత్నం లేదు.

అయితే ఈ బాహాటత్వాన్ని అతిగా మెచ్చుకోరాదు. ఫాన్యూల్ సంపదలో బానిసల వ్యాపారానికీ వాటా ఉంది. గోడ మీద ఇటుక కనిపిస్తుంది. ఇటుకకు చెల్లించిన డబ్బు ఎక్కడిదో కనిపించదు. పదార్థం విషయంలో నిజాయితీ గల భవనం ధనం విషయంలో మౌనంగా ఉండగలదు. ఈ భేదాన్ని కోఠీ విషయంలోనూ గుర్తుంచుకోవాలి.

ఈ పట్టణాల సంపదకు భారతదేశంతో సంబంధం ఉంది. సేలం, బాస్టన్ నౌకలు కలకత్తా, మద్రాసు రేవులకు వచ్చేవి. బుల్ఫించ్ 1803–1807 మధ్య బాస్టన్‌లో రూపొందించిన పెద్ద ఇటుక గిడ్డంగుల సముదాయం పేరే ‘ఇండియా వార్ఫ్’. పంతొమ్మిదవ శతాబ్దంలో వీధి కోసం దానిలో కొంత భాగాన్ని కొట్టేశారు. మిగిలింది 1962లో పోయింది. షెర్మర్‌హార్న్ రోకు దక్కిన రక్షణ దీనికి ఆరేళ్ళ ఆలస్యం వల్ల దక్కలేదనవచ్చు. వారసత్వ స్పృహ అక్కడ కూడా నష్టం తర్వాతే వచ్చింది.

3. కోఠీ రెసిడెన్సీ: అదే కాలం, వేరే ప్రయోజనం

3.1. నిర్మాణ నేపథ్యం

ఫాన్యూల్ హాల్‌ను బుల్ఫించ్ పెంచుతున్న ఏళ్ళలోనే మూసీ ఉత్తరపు ఒడ్డున రెసిడెన్సీ లేస్తోంది. 1798లో నిజాం అలీ ఖాన్ ఈస్టిండియా కంపెనీతో సైన్య సహకార ఒడంబడిక చేసుకున్నాడు. ఆ ఒప్పందాన్ని కుదిర్చిన రెసిడెంటు జేమ్స్ అకిలీస్ కర్క్‌పాట్రిక్ 1803లో ఈ భవనం పని ప్రారంభించాడు. రూపకర్త మద్రాసు ఇంజనీర్ల దళానికి చెందిన లెఫ్టినెంట్ శామ్యూల్ రస్సెల్. పని సుమారు 1806కు ముగింపుకు వచ్చింది. కర్క్‌పాట్రిక్ మాత్రం 1805 అక్టోబరులోనే కలకత్తాలో మరణించాడు. ఖర్చు భరించింది నిజాం ప్రభుత్వం.

ఉత్తర ముఖాన ఆరు కొరింథియన్ స్తంభాలు త్రికోణ ముఖశిఖరాన్ని మోస్తాయి. ఆ త్రికోణంలో కంపెనీ రాజచిహ్నం ఉంది. విశాలమైన మెట్లకు ఇరువైపులా సింహాలు ఉన్నాయి. లోపల రెండంతస్తుల ఎత్తున దర్బారు హాలు, దాని వెనుక అండాకారపు గదిలో రెండుగా చీలే మెట్లదారి ఉన్నాయి. దక్షిణ ముఖం అర్ధవృత్తంగా ముందుకు వంగి ఉంటుంది. 1949 నుండి ఈ ఆవరణలో మహిళా కళాశాల నడిచింది. నేడు అది చాకలి ఐలమ్మ పేరుతో మహిళా విశ్వవిద్యాలయం. రాజకీయ ఏజెంటు విందులిచ్చిన గదులలో ఆడపిల్లలు చదువుకోవడం ఈ భవన చరిత్రలో అత్యంత అర్థవంతమైన మార్పు.

3.2. వైట్ హౌస్ పోలిక: కాలక్రమ పరీక్ష

వైట్ హౌస్‌ను చూసి రెసిడెన్సీని కట్టారన్న మాట కాలక్రమానికి నిలవదు. జేమ్స్ హోబన్ రూపొందించిన వైట్ హౌస్ పని 1792లో మొదలైంది. 1800లో అధ్యక్షుడు అందులో అడుగుపెట్టాడు. అయితే నేడు మనం ఛాయాచిత్రాల్లో చూసి పోల్చుతున్న అర్ధవృత్తాకార దక్షిణ స్తంభమండపం 1824లో, ఉత్తర స్తంభమండపం 1829–1830లో చేర్చబడినవి. రెసిడెన్సీ స్తంభమండపం అప్పటికి రెండు దశాబ్దాలుగా నిలబడి ఉంది. కనుక పోలిక ఉన్నమాట నిజమే అయినా అనుకరణ అన్నమాట నిజం కాదు.

మరి పోలికకు కారణం? రెండూ ఒకే గ్రంథాలయపు పిల్లలు. ఇటలీ వాస్తుశిల్పి పల్లాడియో 1570లో ప్రకటించిన గ్రంథం, దానిపై పద్దెనిమిదవ శతాబ్దపు బ్రిటిష్ వ్యాఖ్యానాలు, రాబర్ట్ ఆడమ్ వంటివారి సున్నితమైన అలంకరణ విధానం, ఇవన్నీ ముద్రిత పటాల రూపంలో సముద్రాలు దాటాయి. హోబన్‌కు డబ్లిన్‌లోని లీన్‌స్టర్ హౌస్ నమూనా. అమెరికా పల్లె మేస్త్రీలకు ఆషెర్ బెంజమిన్ 1797లో ప్రకటించిన చేతిపుస్తకం మార్గదర్శి. సాహిత్యంలో ఒకే మూలం నుండి రెండు అనువాదాలు వెలువడినప్పుడు, అవి ఒకదాన్నొకటి చూసి రాసుకున్నాయని మనం అనం. మూలాన్ని వెదుకుతాం. వాస్తువిమర్శలోనూ అదే న్యాయం వర్తించాలి.

ఇక్కడ మరొక విశేషం ఉంది. ఈ స్తంభాలు అమెరికాలో రోమన్ గణతంత్రాన్ని స్ఫురింపజేయాలని ఉద్దేశించారు: రాజు లేని రాజ్యానికి ప్రాచీన సాక్ష్యంగా. అవే స్తంభాలు కోఠీలో ఒక వర్తక సంస్థ సార్వభౌమత్వ ఆకాంక్షకు చిహ్నమయ్యాయి. బోస్టన్ ప్రజలు 1773లో తేయాకు పెట్టెలను సముద్రంలో పారేసి ధిక్కరించింది ఈ ఈస్టిండియా కంపెనీ వారి తేయాకునే. శైలికి స్వతహాగా రాజకీయం లేదు; దాన్ని ఎవరు, ఎవరి నేల మీద, ఎవరి డబ్బుతో నిలబెట్టారన్నదే దానికి రాజకీయాన్ని ఇస్తుంది. 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ నాయకత్వంలో దాడికి వచ్చినవారికి ఆ స్తంభాల భాష స్పష్టంగానే అర్థమైంది.

3.3. గార చేసే పని

రెసిడెన్సీ గోడలు ఇటుక, రాయి, సున్నంతో కట్టినవి. వాటిపై తెల్లటి సున్నపు గార. దక్షిణాది మేస్త్రీల చేతిలో సున్నం ఒక గొప్ప కళ. గానుగలో నూరి, నానబెట్టి, మెరుగుపెట్టిన గార దూరానికి చలువరాయిలా మెరుస్తుంది. దాని కింద ఏముందో చూపరికి తెలియదు. స్తంభాలు కూడా దూరం నుండి ఏకశిలల్లా కనిపిస్తాయి.

దీన్ని మోసం అని కొట్టివేయడం తొందరపాటు. గార గోడను వాన నుండి కాపాడుతుంది, ఎండను తిప్పికొడుతుంది. అమెరికాలో కూడా ఈ యుక్తి ఉంది. ఫిలడెల్ఫియాలో 1795–1797లో కట్టిన తొలి జాతీయ బ్యాంకు భవనానికి ముందు ముఖం చలువరాయి, మిగిలిన గోడలు ఇటుక. డబ్బు దాచుకునేవారికి ముందు ముఖం భరోసానిస్తుంది, పక్క గోడ లెక్క సరిచూస్తుంది. కనుక ‘అమెరికాది నిజాయితీ, హైదరాబాద్‌ది ఆడంబరం’ అన్న సులభ సూత్రం నిలవదు. భేదం మరొకచోట ఉంది. ఫెడరల్ అంగడి వరుసలో ఇటుక కనిపించడం వల్ల కట్టినవాని పనితనం గుర్తుండిపోయింది. ఏ కట్టు, ఏ బట్టీ, ఏ కాలం అని అధ్యయనం సాగింది. రెసిడెన్సీలో గార కింద ఇటుకతో పాటు దాన్ని పేర్చిన తాపీ మేస్త్రీ చేయి కూడా కనుమరుగైంది. రూపకర్త రస్సెల్ పేరు ప్రతి పుస్తకంలోనూ ఉంది. గానుగ తిప్పినవారి సంగతి తెలుగు పరిశోధన ఇంకా అడగవలసిన ప్రశ్నగానే ఉంది.

4. ‘కోఠీ’ అనే పదం, దాని వెనుక ఖాతా

సంస్కృత ‘కోష్ఠ’ శబ్దం నుండి వచ్చిన ‘కోఠీ’కి ఉర్దూ, హిందీలలో పెద్ద భవంతి అనీ, గిడ్డంగి అనీ, వడ్డీ వ్యాపారుల సంస్థ అనీ అర్థాలున్నాయి. తెలుగులోని ‘కొఠారు’ ధాన్యపు గాదెను సూచిస్తుంది. నివాసం, నిలువ, వాణిజ్యం అనే మూడు అర్థాలూ ఒకే పదంలో కలిసి ఉండటం గమనార్హం. అమెరికా వర్తకుని ఇటుక భవనంలో కింద సరుకు, పైన లెక్కల గది, ఒక్కొక్కచోట నివాసం ఉన్నట్లే, ఈ పదంలో మూడు అంతస్తులున్నాయి. నేడు హైదరాబాద్‌లో ‘కోఠీ’ అంటే ఒక బస్టాపు, ఒక బజారు. వ్యవహారంలో పదం తన వాణిజ్యార్థానికే తిరిగి చేరింది.

రెసిడెన్సీ ఛాయలో ఎదిగిన వాణిజ్య సంస్థలలో చరిత్రకెక్కినది పామర్ అండ్ కంపెనీ. ఆంగ్లేయ సేనాని తండ్రికి, భారతీయ తల్లికి పుట్టిన విలియం పామర్ 1814లో దీన్ని స్థాపించాడు. కలప వ్యాపారంతో పాటు నిజాం ప్రభుత్వానికి పెద్ద వడ్డీకి అప్పులివ్వడం దీని పని. దేశీయ పాలకులకు బ్రిటిష్ ప్రజలు అప్పులివ్వరాదన్న నిషేధం నుండి 1816లో గవర్నర్ జనరల్ హేస్టింగ్స్ దీనికి మినహాయింపు ఇచ్చాడు. 1820లో చందూలాల్ హయాంలో అరవై లక్షల రూపాయల అప్పు వ్యవహారం వచ్చింది. అదే ఏడాది రెసిడెంటుగా వచ్చిన చార్లెస్ మెట్కాఫ్ దీన్ని ప్రశ్నించాడు. ఆ తర్వాత సంస్థ కూలిపోయింది.

ఈ అప్పు తీర్చిన తీరు తెలుగువారికి నేరుగా సంబంధించినది. ఉత్తర సర్కారులకు ప్రతిగా కంపెనీ నిజాంకు ఏటా ఏడు లక్షల రూపాయల పేష్కష్ చెల్లించవలసి ఉండేది. 1823లో ఆ శాశ్వత హక్కును కోటీ పదహారు లక్షలకు పైగా మొత్తానికి వదులుకోవలసి వచ్చింది. ఆ మొత్తం పామర్ అప్పు తీర్చడానికి ఉపయోగపడింది. కోస్తా తెలుగు రైతు శిస్తు మీద ఆధారపడిన ఒక హక్కు, మూసీ ఒడ్డున ఒక వడ్డీ ఖాతాలో అలా ముగిసింది. రెసిడెన్సీ స్తంభాల ఎత్తును అడుగుల్లో కొలిచి రాస్తున్నాం. ఆ ఆవరణ పక్కన తెరిచిన ఖాతాపుస్తకాన్ని వాస్తువర్ణనలో భాగంగా చదవడం లేదు. రెసిడెన్సీకి ప్రత్యక్షంగా పామర్ ధనం ఖర్చు కాలేదు. భవనం అతని సంస్థ కంటే ముందే ఉంది. కానీ అలాంటి సంస్థ అక్కడ వేళ్ళూనడానికి కావలసిన రక్షణను, ప్రతిష్ఠను ఆ భవనం ఇచ్చింది. వాస్తువుకు ఇది కూడా ఒక వినియోగమే.

5. వరద తర్వాత రాయి: నగర వాణిజ్య వీధి

తెలుగు సాహిత్యానికి అంగడి వీధి కొత్త కాదు. ‘క్రీడాభిరామం’లో మంచనశర్మ, టిట్టిభసెట్టి ఓరుగల్లు వీధుల్లో తిరుగుతూ చూసినవాటిలో కోటకొమ్మల కంటే జనం, సరుకు, పూటకూళ్ళ ఇల్లు ఎక్కువ. చూసేవారిలో ఒకడు వర్తకుడు కావడం యాదృచ్ఛికం కాదు. మన కావ్యానికున్న ఈ వీధి చూపు మన వాస్తువర్ణనకు అబ్బలేదు.

హైదరాబాద్‌లో ప్రణాళికాబద్ధమైన వాణిజ్య వీధి కూడా ఒక విపత్తు నుండే పుట్టింది. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద నగరాన్ని ముంచింది. తర్వాత 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి సంస్థ వీధులను వెడల్పు చేసి, కొత్త కట్టడాలకు పూనుకుంది. పత్తర్‌గట్టీలో చార్‌కమాన్ నుండి మూసీ వైపు సాగే రాతి కమానుల శ్రేణి ఆ కృషి ఫలితం: కింద దుకాణాలు, పైన గదులు, వీధి పొడవునా ఒకే లయ. పోర్ట్‌స్మౌత్‌లో నిప్పు ఇటుకను తెచ్చినట్లు, ఇక్కడ నీరు రాతిని తెచ్చింది. గ్రానైటు గుట్టల నడుమ ఉన్న నగరానికి రాయి స్థానిక పదార్థం కూడా.

1935లో పూర్తయిన మొజంజాహీ మార్కెట్ ఈ ధోరణిలో పరిణతి పొందిన కట్టడం. కూడలి మూలను ఆసరా చేసుకుని రెండు రెక్కలు చాచిన ప్రణాళిక, మధ్యలో గడియార గోపురం, చెక్కిన గ్రానైటు గోడలు, కమానుల కింద వరుస దుకాణాలు. ఫాన్యూల్ హాల్‌లోలాగా పైన సభామందిరం లేదు. దాని స్థానంలో గడియారం ఉంది. అక్కడ పౌరుని మాటకు, ఇక్కడ పాలకుని సమయానికి ప్రాధాన్యం దక్కిందని అర్థం చెప్పుకోవచ్చు. ఇటీవలి పునరుద్ధరణలో గోడలపై పేరుకున్న రంగులు, తగిలించిన బోర్డులు తొలగించి రాతిని మళ్ళీ వెలికి తెచ్చారు. లోపల దుకాణాలు యథావిధిగా నడుస్తున్నాయి. వ్యాపారం సాగుతుండగానే కట్టడాన్ని కాపాడవచ్చని ఇది నిరూపించింది.

6. మడిగె: మేడ్చల్ దారి నుండి ఒక పరిశీలన

పై రెండు నగర ఉదాహరణలూ ప్రభుత్వం కట్టినవి. షెర్మర్‌హార్న్ రో వంటి ప్రైవేటు వ్యాపారి కట్టడానికి మన దగ్గర సాటి వచ్చేది మడిగె. తెలంగాణ వ్యవహారంలో మడిగె అంటే వీధికి తెరుచుకునే దుకాణపు గది. కన్నడంలో దీని రూపం ‘మళిగె’. హైదరాబాద్ ఆస్తి పత్రాల్లో ఇది ‘మల్గీ’గా నేటికీ కనిపిస్తుంది. ‘దుకాణం’ వ్యాపారాన్ని చెబుతుంది, ‘షట్టర్’ తలుపును చెబుతుంది. ‘మడిగె’ ఒక్కటే నిర్మాణ ప్రమాణాన్ని చెబుతుంది. ‘నాలుగు మడిగెల ఇల్లు’ అన్నప్పుడు వీధి ముఖం కొలత, కిరాయి రాబడి, కుటుంబం స్థాయి మూడూ వినిపిస్తాయి. వాస్తుపరిభాషకు ఇంతకంటే బిగువైన పదం కావాలా?

సికింద్రాబాద్ నుండి కొంపల్లి, మేడ్చల్ మీదుగా నాగపూర్ వైపు సాగే జాతీయ రహదారి, శామీర్‌పేట మీదుగా కరీంనగర్ వెళ్ళే రాజీవ్ రహదారి ఈ ప్రాంతపు రెండు ప్రధాన నాడులు. వీటి వెంట ఊళ్ళు బజారు ముఖంగా పెరిగాయి. పాత పద్ధతి మడిగెలో రాయి, మట్టి, సున్నంతో మందపు గోడ, వీధి వైపు తీసి పెట్టుకునే చెక్క పలకల తలుపు, ముందు అరుగు, వెనుక నిలువ గది, ఆ వెనుక ఇల్లు. అరుగు విశేషమైన అంగం. అది దుకాణానికీ వీధికీ మధ్య సంధి. కొననివాడు కూడా కూర్చోగల చోటు. ఫెడరల్ అంగడిలో దీనికి సాటి లేదు. అక్కడ గుమ్మం దాటితేనే దుకాణం.

తర్వాతి తరంలో మట్టి గోడ స్థానంలో ఇటుక, సిమెంటు వచ్చాయి. పలకల తలుపు స్థానంలో ఇనుప షట్టర్, వెనుక ఇల్లు స్థానంలో పైఅంతస్తు ఇల్లు వచ్చాయి. అరుగు కుంచించుకుపోయి మెట్టుగా మిగిలింది. కింద మడిగె, పక్కనుంచి మెట్లు, పైన కాపురం: ఇది రెండు వందల ఏళ్ళ కిందటి అమెరికా రేవు వ్యాపారి ఎరిగిన ఏర్పాటే. ఎవరూ ఎవరినీ అనుకరించలేదు. స్థలం ఖరీదై, వ్యాపారికి సరుకు దగ్గర ఉండవలసిన అవసరం ఏర్పడిన ప్రతిచోటా ఈ రూపం పుడుతుంది.

రహదారి వెడల్పు అయినప్పుడు మొదట పోయేది వీధి ముఖమే, అంటే మడిగె. నష్టపరిహారపు లెక్కలో అది చదరపు గజాల విస్తీర్ణం. వాస్తుచరిత్ర లెక్కలో దానికి అసలు స్థానమే లేదు. హైదరాబాద్‌లో వారసత్వ కట్టడాలకు రక్షణనిచ్చిన జోనింగ్ 13వ నియమం 2015లో తొలగింది. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. 2019లో ఎర్రమంజిల్ కూల్చివేత ప్రతిపాదనను హైకోర్టు అడ్డుకోవడం ఆశాజనకమైన ఘట్టం. అయితే ఈ చర్చ అంతా ప్రాసాదాల చుట్టూ తిరిగింది. ప్రాసాదం కోసం న్యాయస్థానం తలుపు తట్టేవారున్నారు. బజారు వరుస కోసం తట్టాలంటే ముందు అది వాస్తువని చెప్పగల రచన ఉండాలి. ఆ రచన బాధ్యత విశ్వవిద్యాలయాలది, ముఖ్యంగా స్థానిక భాషలో పరిశోధించేవారిది.

ప్రతి మడిగెనూ కాపాడాలన్నది ఈ వ్యాసం వాదం కాదు. రోడ్డు అవసరం నిజమైనదే. యజమానులలో చాలామంది పాత గోడను కూల్చి కొత్త అంతస్తులు వేయాలనే కోరుకుంటారు. ఆ కోరికను తక్కువ చేసే హక్కు బయటివారికి లేదు. కూలే ముందు కొలత, ఛాయాచిత్రం, వాడిన పదార్థం, వాడుకలో ఉన్న భాగాల పేర్లు నమోదు చేయడం మాత్రం సాధ్యమే. పదాలు గోడల కంటే త్వరగా పోతాయి. అరుగు పోయిన పదేళ్ళకు అరుగు మీది మాట కూడా పోతుంది.

7. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు:

1. కోఠీ రెసిడెన్సీ వైట్ హౌస్‌కు అనుకరణ కాదు. పోల్చబడుతున్న వైట్ హౌస్ స్తంభమండపాలు రెసిడెన్సీ కంటే తర్వాతివి. రెండింటికీ పల్లాడియో సంప్రదాయం ఉమ్మడి మూలం.

2. ఫెడరల్ యుగపు ఇటుక వాణిజ్య భవనం అగ్నిప్రమాదం, చట్టం, స్థలం ధరల నుండి రూపొందింది. హైదరాబాద్ రాతి బజారు వరద అనంతర పునర్నిర్మాణం నుండి రూపొందింది. వాణిజ్య వాస్తువులో విపత్తు ఒక ప్రధాన రూపకర్త.

3. ఇటుకను చూపినా, గారతో కప్పినా, నిర్మాణం వెనుక ధనచరిత్రను భవనం తనంతట తాను చెప్పదు. ఫాన్యూల్ సంపద, పామర్ ఖాతా రెండూ దీనికి సాక్ష్యాలు. ఆ చరిత్రను చదవడం విమర్శకుని పని.

4. ‘కోఠీ’, ‘మడిగె’, ‘అరుగు’ వంటి వ్యవహార పదాలు వాస్తువిమర్శకు కావలసిన పరిభాషను ఇప్పటికే అందిస్తున్నాయి.

5. షెర్మర్‌హార్న్ రో అనుభవం ప్రకారం, కాలానుగుణంగా మారడం వాణిజ్య భవనపు విలువను తగ్గించదు. కనుక మార్పులకు లోనైన మన బజారు వరుసలను కూడా అధ్యయన పరిధిలోకి తీసుకోవాలి.

విద్యార్థిని అడిగిన ప్రశ్నకు ఇప్పుడు సమాధానం చెప్పవచ్చు: మడిగె వాస్తుశిల్పమే. ఆమె రాసిన నాలుగు పేజీల వర్ణనలో పలకల తలుపు ఎన్ని చెక్కలదో, ప్రతి చెక్కకూ వరుస తప్పకుండా తాత ఏ గుర్తు గీశాడో ఉంది. ఆ గోడ ఇప్పుడు లేదు కాబట్టి, ఆ కట్టడానికి మిగిలిన ఏకైక ఆధారం ఆ నాలుగు పేజీలే.